రొయ్య ఎగరదు

మా బోటు యజమానుల సంఘం ఆఫీసు గోడ మీద ఒక ఫొటో ఉంది. విజయవాడ పటమట నుంచి వచ్చిన జయదేవ్ గారు అందులో శాలువా కప్పుకుని, రెండు చేతులతో ఒక వల ముక్క పట్టుకుని నవ్వుతుంటారు. పక్కన మా సంఘం అధ్యక్షుడు రామకోటేశ్వరరావు, ఆ వలను తానే నవమాసాలు మోసి కన్నంత గర్వంగా నిలబడి ఉంటాడు. వాళ్లిద్దరి భుజాల మధ్య సగం ముఖం కనబడే బక్కవాణ్ని నేనే. పేరు జానకిరామయ్య, ఊరు చల్లపల్లి. బందరు పక్కన గిలకలదిండి రేవులో ఈ సంఘానికి పాతికేళ్లుగా గుమాస్తాను. ఆ ఫొటోలో ఉన్న ముగ్గురిలో ఒక్కడికీ వల ముడి వేయడం రాదు. ఆ ముడి వచ్చిన మనిషి ఫొటోలో లేదు.

ఆమె పేరు కొండలమ్మ. సంఘం కోసం నేను రాసిన అబద్ధాలు బీరువాలో ఫైళ్లు ఫైళ్లుగా ఉన్నాయి కాబట్టి, ఆమె గురించి నాలుగు నిజాలు రాస్తే ఎవరి కొంపా మునగదు.

కొండలమ్మకు యాభై ఎనిమిదేళ్లు. నిజాంపట్నంలో పుట్టి, పెళ్లయి ఈ రేవుకు వచ్చింది. మొగుడు పేరయ్య బోటు మీద కళాసీ. అతను పోయి పద్దెనిమిదేళ్లు. ఒక్క కొడుకు మణికుమార్. ఆమె చేసే పని ఏరడం. తెల్లవారకముందే వెళ్లిన బోట్లు మధ్యాహ్నానికి తిరిగొచ్చి సరుకును జెట్టీ మీద గుట్టగా పోస్తాయి. రొయ్యలు, పీతలు, కానాగంతలు, వెండి నాడాల్లాంటి సావిడాయిలు, బల్లపరుపు టేకు చేపలు, పేరు పెట్టడానికి కూడా ఎవరికీ ఓపిక లేనంత చిన్న చేపపిల్లలు, అన్నీ బురదలో కలగాపులగంగా ఉంటాయి. ఆ గుట్ట చుట్టూ ఇరవై ఇద్దరు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని ఏ జాతికి ఆ జాతి గంపల్లోకి ఏరుతారు. రొయ్య ముల్లు వేలు కోస్తుంది, టేకు తోక తగిలితే చెయ్యి భుజం దాకా సలుపుతుంది. ముప్పై రెండేళ్లు అదే పని.

గుట్ట అయిపోగానే మిగతావాళ్లు చేతులు కడుక్కుని ఇంటికి పోయేవాళ్లు. కొండలమ్మ మాత్రం వల దగ్గరకు పోయేది. వల కళ్లలో ఇరుక్కున్న చేపలు ఆమె కూరకు. అలా ముప్పై రెండేళ్లుగా వల పై పక్క ఏమి ఇరుక్కుంటాయో, అడుగు పక్క ఏమి ఇరుక్కుంటాయో వేళ్లతో చదువుకుంది. నేను నాలుగు భాషల్లో అర్జీలు రాయగలను కానీ, ఆ చదువులో నాది ఒకటో తరగతి కూడా కాదు. ఒకరోజు టీ తాగుతూ నాకు చెప్పింది.

"చేపకి బుద్ధి ఉండిద్దండి పంతులుగారూ. వల అడుగు తాడు బురద లేపుకుంటా వస్తది కదా, కానాగంత దాని ముందు బోటుతో పాటే ఈత కొడతది. ఎంతసేపు కొడతదండీ? ఆయాసం వచ్చి, ఇంక నా వల్ల కాదని పైకి లెగిసి ఎనక్కి పడిద్ది. అందుకే వల పై పక్క ఉంటది. టేకుకి భయమేస్తే నేలకి ఇంకా అతుక్కుపోయిద్ది. పైన ఏం పోయినా కదలదు. అది కింద పక్కే."

"మరి రొయ్య?"

"దానికి పరిగెత్తడమే రాదండి. బురదలో కూకుని ఉండిద్ది. అడుగు తాడుకున్న గొలుసు తగిలితే జానెడు లెగుస్తది, అక్కడే పడిద్ది. దాని నెత్తి మీద వల నిలువెత్తు ఉంటే, ఆ జానెడు ఏ మూలకండీ?"

నేను విని, బాగుందమ్మా అని, టీ గ్లాసు కింద పెట్టి మరిచిపోయాను. అవసరానికి పనికొచ్చేదాన్ని మరిచిపోవడంలో గుమాస్తాలు అందెవేసిన చేతులు.

ఇక జయదేవ్ గారు. ఆయనది ఉయ్యూరు. కైకలూరు దగ్గర చెరువులు, పటమటలో ఏసీ ఆఫీసు, గోడ నిండా సర్టిఫికెట్లు. చేపల చెరువుల వాళ్లకు సలహాలు చెప్పి పైకొచ్చిన మనిషి. చెరువులో ఆయనకు తిరుగులేదు, ఆ మాట కాదనను. కృష్ణా జిల్లాలో చెరువు తవ్విన ప్రతివాడికీ ఉండే జబ్బే ఆయనకూ ఉంది. నీళ్లన్నీ చెరువు నీళ్లే అనుకుంటాడు. గట్టు లేకపోవడం తప్ప సముద్రానికీ చెరువుకూ తేడా తెలియదు.

ఆయన రెండంతస్తుల వల తెస్తున్నాడని కిందటేడు సభ పెట్టారు. కుర్చీలు నిండాలి కదా, ఏరే ఆడవాళ్లను కూడా పిలిచారు. తెర మీద బొమ్మలు వేసి జయదేవ్ గారు చెప్పారు. వల మధ్యలో అడ్డంగా ఒక పొర ఉంటుంది. దాంతో వల పై అంతస్తు, కింది అంతస్తు అవుతుంది, ఒక్కోదానికి చివర ఒక్కో సంచి. ఏ జాతి ఎటు పోతుందో దాని ప్రవర్తనే చెబుతుంది, సముద్రంలోనే సరుకు విడిపోతుంది, చేపపిల్లలు పెద్ద కన్ను సంచిలోంచి బయటపడి బతుకుతాయి. ఇంతవరకూ మాట మంచిదే. ఆలోచనలో తప్పు లేదు, ఆలోచించిన తలలో ఉంది.

"రొయ్య నేచర్ ఏంటంటే అండీ, అది జంప్ చేస్తుంది," అన్నారాయన. "మా చెరువుల్లో వల లాగితే చూడాలి మీరు, టపాకాయల్లా ఎగురుతాయి. అందుకని సన్న కన్ను రొయ్యల సంచి పైన పెట్టాం. చేపల సంచి, పెద్ద కన్నుది, కింద."

హాలంతా తలలూపింది. వెనక వరసలోంచి కొండలమ్మ లేచింది.

"అయ్యా, రొయ్య ఎగరదండి."

జయదేవ్ గారు చిన్నపిల్లను చూసినట్టు నవ్వారు. "ఎగరదా అమ్మా? నేను ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నా."

"తమరు చూసింది చెరువు రొయ్యండి. నీళ్లు తోడేసి, మోకాటి లోతు చేసి వల లాగితే ఎగిరిద్ది మరి, ఎగరక ఏం చేసిద్ది? సముద్రంలో అట్టా కాదండి. ముప్పై రెండేళ్ల నుంచి వల ఏరతన్నాను. పై పక్క రొయ్య ముల్లు ఒక్కటి దొరికితే ఒట్టు."

"నువ్వెప్పుడైనా సముద్రంలోకి వెళ్లావా అమ్మా?"

"ఆడోళ్లం, మేమెందుకు పోతామండి?"

"మరి!" అన్నారాయన చేతులు చాపి. సభ ఘొల్లున నవ్వింది. రామకోటేశ్వరరావు కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. తాతకు దగ్గులు నేర్పుతున్న ఈ పెద్దమనిషి సముద్రంలోకి ఎన్నిసార్లు వెళ్లాడో ఎవడూ అడగలేదు. నేనూ అడగలేదు. సభా కార్యక్రమాల పుస్తకంలో మాత్రం, మత్స్యకార మహిళలు కూడా ఈ పథకం పట్ల హర్షం వ్యక్తం చేశారని రాసి, కింద అందంగా గీత గీశాను.

ఆ కొత్త వల కట్టడానికి ఎంచిన బోటు రామకోటేశ్వరరావుదే. దానికి డ్రైవరు మణికుమార్. కళాసీగా చేరి, మునిగిన వలలు తీస్తూ, ఇంజను తుడుస్తూ, పద్నాలుగేళ్ల తర్వాత చక్రం పట్టుకున్నాడు. కొండలమ్మ జీవితంలో గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అదొక్కటే. మావాడు డ్రైవరండి అనేటప్పుడు ఆమె కొంగు సర్దుకునేది.

మొదటి వేట నుంచి బోటు మధ్యాహ్నం తిరిగొచ్చింది. పై సంచిలో, సన్న కన్నులో, కానాగంతలూ చేపపిల్లలూ ఒకదాన్నొకటి నొక్కుకుని ముద్దయి ఉన్నాయి. కింది సంచిలో టేకులు, పెద్ద పీతలు, దారి తప్పిన పది రొయ్యలు. మిగతా రొయ్యలన్నీ ఆ పెద్ద కళ్లలోంచి దర్జాగా సముద్రంలోకే వెళ్లిపోయాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! రెండో వేటా అంతే. పక్క బోట్లకు గంపలు గంపలు రొయ్య పడుతోంది.

జయదేవ్ గారు కారులోంచి దిగి, సరుకు చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే తీర్పు చెప్పారు. "డిజైన్ పర్ఫెక్ట్ అండీ. లాగే స్పీడ్ తప్పు. మీ డ్రైవర్‌కి ట్రైనింగ్ లేదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. రామకోటేశ్వరరావుకు ఆ మాట బెల్లంముక్కలా అందింది. ఆయన భయపడితే పైకీ ఎగరడు, కిందా అణగడు, పక్కవాణ్ని ముందుకు తోస్తాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి కాగితం రాయించాడు. మూడో వేటలో కూడా రొయ్య రాకపోతే మణికుమార్ చక్రం దిగాలి, అతని బదులు వేరే డ్రైవరు ఎక్కుతాడు, వల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. రేవులో ఒక బోటు దింపిన డ్రైవర్ని ఇంకో బోటు ఎక్కించుకోదు. మళ్లీ కళాసీగా గొలుసు లాగాల్సిందే. ముప్పై ఆరేళ్ల వయసులో, తన కింద పని చేసినవాళ్ల కింద. ఆ కాగితం టైపు చేసింది నా పది వేళ్లే.

మర్నాడు పొద్దున కొండలమ్మ నా బల్ల ముందుకు వచ్చింది. చేతిలో గంప లేదు.

"పంతులుగారూ, తప్పు వలది, మావోడిది కాదని ఒక కాగితం రాయండి. నేను ఏలిముద్ర ఏస్తాను."

"నేనా? నాకెందుకమ్మా ఇందులో?"

"ఆ రోజు నేను చెప్పింది మీరు ఇన్నారు కదండీ. సభలోనూ ఇన్నారు. టీ కాడా ఇన్నారు. మీరు రాత్తే అది కాగితం. నేను చెబితే అది వాగుడు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది మా ఇంటి ఇలవేల్పు లాంటి మాట. పింఛను ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను. అధ్యక్షుల వారితో మాట్లాడి చూస్తానన్నాను. నేను మాట్లాడనని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"మీరు టేకండి పంతులుగారూ," అంది. కోపంగా కూడా అనలేదు. గంపలోకి వేసే ముందు చేప పేరు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

ఐసు లారీ రాకపోవడంతో ఆ రోజు బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం జయదేవ్ గారూ రామకోటేశ్వరరావూ బందరులో బిర్యానీకి వెళ్లారు. కొండలమ్మ బోటెక్కింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, కొడుకు నిద్రపోతున్న వేళ చూసుకుని. వాడికి తెలిస్తే వద్దంటాడు, చెప్పాక చేస్తే వాడిది తప్పవుతుంది. చెప్పకుండా చేస్తే తనది. ఆమె లెక్క అది.

వల చివర రెండు సంచుల కుట్లూ విప్పింది. సన్న కన్ను సంచిని కిందికి, పెద్ద కన్ను సంచిని పైకి మార్చింది. కన్నుకు కన్ను సరిపోనిచోట రెండు కళ్లను ఒకటిగా కలిపి కుట్టింది. అంత సేపూ నేను, మాట వినబడేంత దగ్గర్లోనే ఉన్న ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మొదట్లో ఆమె ఒక్కతే. కాసేపటికి ఆమెతోపాటు ఏరే అమలమ్మ వచ్చి అంచు పట్టుకుంది.

"వదినా, ఒక మాట అడుగుతా," అంది అమలమ్మ. "ఇది కుదిరిందనుకో. రొయ్య రొయ్యగా, చేప చేపగా సముద్రంలోనే విడిపోయి వచ్చిద్ది. ఇంక మనమేం ఏరతాం?"

కొండలమ్మ చేతిలో దారం ఆగింది. ఆ మాట ఆమెకు కొత్త కాదని ముఖం చూస్తేనే తెలిసింది. ఉన్నదున్నట్టు వదిలేస్తే వల ఓడిపోతుంది, ఇరవై రెండు గంపలూ నిలుస్తాయి, కొడుకు దిగిపోతాడు. కుడితే కొడుకు నిలుస్తాడు.

"అంచు సరిగ్గా పట్టుకో అమలా," అంది. "జారుతంది."

అమలమ్మ గట్టిగా పట్టుకుంది. నేను కిటికీ తలుపు మూసుకున్నాను. చూడకపోతే అడిగినప్పుడు చెప్పనక్కర్లేదు కదా. అది కూడా సాయమేనని అప్పట్లో అనుకున్నాను. ఎంత నీచపు సాయమో ఇప్పుడు తెలుస్తోంది.

మూడో వేట నుంచి బోటు వచ్చేసరికి జెట్టీ నిండా జనం. రామకోటేశ్వరరావు కొత్త డ్రైవర్ని కూడా పక్కన నిలబెట్టుకున్నాడు. మణికుమార్ మొదట కానాగంతలు దించాడు, సావిడాయిలు దించాడు. అన్నీ ఎదిగినవే, పిల్లచేప దాదాపు లేదు. తర్వాత రొయ్యలు. గంప మీద గంప, గంప మీద గంప. మధ్యలో అక్కడొక టేకు, ఇక్కడొక పీత తప్ప ఏరడానికి ఏమీ లేదు.

"చూశారా! స్పీడ్ సరిచేస్తే!" అని జయదేవ్ గారు రుమాలు తీసేసి చప్పట్లు కొట్టారు. "రొయ్యలన్నీ పై సంచిలోవేగా?"

మణికుమార్ జనం మధ్యలో ఉన్న తల్లి వైపు చూశాడు. సంచులు మారాయని సముద్రంలో వల లాగినప్పుడే వాడికి తెలిసి ఉంటుంది.

"రొయ్యల సంచిలోవేనండి," అన్నాడు.

జయదేవ్ గారికి ఆ జవాబు చాలు. వల ఎత్తి చూడాలంటే ప్యాంటుకు బురద అంటుతుంది. రామకోటేశ్వరరావు మణికుమార్ వీపు తట్టి, మావాడండీ వీడు అన్నాడు. కొత్త డ్రైవరు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. నేను రాసిన కాగితాన్ని నేనే చింపాను. వారం తిరక్కుండా శాలువా, ఫొటో.

రెండు నెలల్లో సగం బోట్లకు ఆ వలలు వచ్చాయి. మా రేవులో వల కట్టేవాళ్లు జయదేవ్ గారి బొమ్మ చూసి కట్టలేదు, మణికుమార్ వల చూసి కట్టారు. అందువల్ల అన్నీ బాగానే పనిచేశాయి. ఇరవై ఇద్దరు ఏరే ఆడవాళ్లలో ఐదుగురు చాలన్నారు. వయసులో ఉన్న ఐదుగురు. కొండలమ్మకు ఆ మాట చెప్పే పని కూడా నాకే అప్పగించారు. నేను గొంతు సవరించుకుంటూ ఉండగానే, "తెలుసులెండి," అని గంప బోర్లించి నా బల్ల పక్కన పెట్టింది. "ఇది సంఘానిది." అమలమ్మ ఆమె వెనకే వచ్చి తన గంప కూడా దాని మీద పెట్టింది.

ఇప్పుడు ఆమె బందరు బజారులో గోనెపట్టా మీద ఎండుచేపలు అమ్ముతోంది. కొడుకు వద్దన్నా వినదు. వాడు డ్రైవరుగానే ఉన్నాడు.

కిందటి వారం పటమట నుంచి కొరియరు వచ్చింది. జయదేవ్ గారు పుస్తకం వేస్తున్నారు, 'మా రెండంతస్తుల వల' అని. నా తెలుగు బాగుంటుందని ప్రూఫులు దిద్దమని పంపారు. తిప్పి చూస్తే ఆరో పేజీలో వల బొమ్మ. పైన సన్న కన్ను సంచి, దాంట్లోకి మీసాలు తిప్పుకుంటూ ఎగురుతున్న రొయ్యలు. కింద చేపలు. ఆయనకు నేటికీ తెలియదు! తన వల ఎందుకు గెలిచిందో తెలియకుండానే దాని మీద పుస్తకం రాసి, ముందుమాటలో ప్రకృతికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

పాతికేళ్లలో మొదటిసారి నాకు పౌరుషం వచ్చింది. ఎర్ర కలం జేబులో పెట్టుకుని, ప్రూఫులు చంకన పెట్టుకుని బజారుకు వెళ్లాను. పెద్ద త్యాగం చేయబోతున్నవాడిలా ఆమె పట్టా ముందు నిలబడి బొమ్మ చూపించాను. ఆమె ఎండుచేపల చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితానికి తగలకుండా దూరం నుంచే చూసింది.

"ఇంకా ఎగురుతానే ఉందా అండీ?"

"దిద్దేస్తాను కొండలమ్మా. సంచులు మార్చి, నీ పేరు కూడా రాస్తాను. ఎవడేమంటాడో చూస్తాను."

ఆమె నా పౌరుషం వంక చూడనైనా లేదు. "ఈ పుస్తకం ఏడేడికి పోయిద్దండి?"

"అన్ని రేవులకూ. ముందు నిజాంపట్నానికి. వచ్చే నెల అక్కడ బోట్లకు ఈ బొమ్మ చూసి వలలు కడతారట."

కొండలమ్మ ఎండుచేపల మీది ఈగల్ని చేత్తో తోలింది.

"మా చెల్లెలు నాగమల్లేశ్వరి అక్కడే ఏరతందండి. దానితో పాటు ముప్పై మంది." తల ఎత్తింది. "దిద్దమాకండి."

"అదేంటమ్మా! అప్పుడు అక్కడా రొయ్య పోతుంది. తప్పు వలలోనే ఉందని ఒప్పుకుంటారా వీళ్లు? అక్కడా ఒక డ్రైవర్ని దింపుతారు."

"దింపుతారండి."

"మరి?"

"ఆడికీ ఒక అమ్మ ఉంటదిగా," అంది. "ఏం చేసుకోవాలో ఆమె చూసుకుంటది."

ఎవరో వచ్చి ఎండు సావిడాయిలు అడిగితే అటు తిరిగింది. నేను ఆఫీసుకు వచ్చి, ఫొటో కింద కుర్చీలో కూర్చుని, ఎర్ర కలం మూత పెట్టేసి, ఆరో పేజీ మీద నల్ల సిరాతో 'తప్పులు లేవు' అని రాసి సంతకం చేశాను.